మరిగించేది వేరు, ఊరనిచ్చేది వేరు

శ్రోతలందరికీ నమస్కారం.

పన్నెండేళ్ల కిందట మా చెల్లెలి కొడుకు సైన్యంలో పనిచేస్తూ, ఉత్తర బెంగాల్ నుంచి సెలవు మీద తిరుపతికి వచ్చాడు. వస్తూ వస్తూ నాకోసం ఒక పొట్లం డార్జిలింగ్ టీ తెచ్చాడు. విప్పి చూస్తే పొడి కాదు, ఆకు. సన్నగా మెలితిరిగిన ఆకులు, మధ్యమధ్య వెండి రంగు మొగ్గలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే కోసిన గడ్డి, పండిన ద్రాక్ష కలిసినట్టు వాసన. నాకు తెలిసిన టీ ఒకటే. గిన్నెలో పాలు, నీళ్లు పోసి, రెండు చెంచాల ఆకు, చక్కెర వేసి, పొంగు వచ్చాక ఇంకో ఐదు నిమిషాలు సన్న సెగ మీద ఉంచాను. వాడు ఒక గుక్క తాగి, మొహమాటపడుతూ, "పెద్దమ్మా, దీన్ని మరిగించకూడదంట" అన్నాడు. నేనూ తాగి చూశాను. చేదు, దాని వెనకే నాలుకను పట్టేసే వగరు. ఆ మంచి వాసన ఇల్లంతా ఉంది. గ్లాసులో మాత్రం లేదు.

ఆ రోజు నుంచి ఆ వాసనను గ్లాసులో నిలుపుకోవడం ఎలాగో నేర్చుకుంటూ ఉన్నాను. నేర్చుకున్నదాంట్లో కొంత ఈ పూట మీతో చెప్పుకుంటాను.

ముందు ఒక మాట. మన తిరుపతి స్టేషన్ ముందు, బస్టాండు చుట్టూ తెల్లవారకముందే టీ అంగళ్లు తెరుచుకుంటాయి. రైలు దిగి కొండకు పోయే యాత్రికుడికి ఆ అల్లం టీ ఎంత ఓదార్పో మనకు తెలుసు. ఆ టీ మరిగించాల్సిందే. అందులో వాడేది సీటీసీ పొడి. ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చీల్చి, గుండ్రంగా చుట్టి గుళికలు చేస్తారు. 1930ల్లో అస్సాంలో మొదలైన యంత్రం ఇది. త్వరగా రంగు దిగాలి, పాలు పోసినా రుచి నిలవాలి, దాని లక్ష్యం అదే. పాలలోని ప్రోటీన్లు టీలోని వగరు పదార్థాలను పట్టుకుని మెత్తబరుస్తాయి. అందుకే ఆ టీకి మరుగు, పాలు, చక్కెర అన్నీ తగినవే.

ఆకు టీ సంగతి వేరు. దాని విలువ వాసనలో ఉంది, ఆ వాసన ఆవిరితో పాటు ఎగిరిపోయే సరుకు. మరిగించే కొద్దీ అది పోతుంది, వగరూ చేదూ మాత్రం ఇంకా ఇంకా దిగుతాయి. నేను చేసిన తప్పు సరిగ్గా అదే.

ఈ తేడా మనవాళ్లకు కొత్త కాదు. ఆయుర్వేదంలో పంచవిధ కషాయ కల్పనలని, అంటే మూలికను మందుగా చేసుకునే ఐదు పద్ధతులు, ఉన్నాయి. స్వరసం అంటే పిండిన రసం, కల్కం అంటే నూరిన ముద్ద, ఈ రెండూ పోగా మిగిలిన మూడూ నీళ్లతో చేసేవి. నీళ్లు నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో ఇగిరేదాకా కాచేది క్వాథం. కాగిన నీళ్లు పోసి, కాసేపు ఉంచి వడగట్టేది ఫాంటం. రాత్రి చల్లటి నీళ్లలో నానేసి పొద్దున వడగట్టేది హిమం. వేరు, బెరడు, కాండం గట్టివి కాబట్టి వాటికి క్వాథం. శొంఠి, తిప్పతీగ, అతిమధురం అలాంటివి. లేత ఆకుకూ పువ్వుకూ ఫాంటం. తులసి, పుదీనా, నిమ్మగడ్డి ఈ లెక్కలోకి వస్తాయి. ధనియాలకు హిమం. మనం ఇప్పుడు అన్నింటినీ ఒకే గిన్నెలో వేసి కుతకుతలాడించి కషాయం అంటున్నాం. తులసి ఆకును పావుగంట ఉడికిస్తే మిగిలేది తులసి నీడ మాత్రమే. దాని ప్రాణం ఆకులోని తైలంలో ఉంది, అది మూత లేని గిన్నెలో నిలవదు.

టీ ఆకు పాత వైద్య గ్రంథాలకు తెలియని మొక్క కావచ్చు, కానీ దానికి మనదగ్గర సిద్ధంగా ఉన్న చోటు ఫాంటం. నాకు ఈ సంగతి తోచిన రోజు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఎక్కడో చైనాలోనో జపాన్‌లోనో నేర్చుకోవాల్సిన విద్య అనుకున్నది మన వంటింటి మాటే అయింది.

ఇక చేసే పద్ధతి. ఒక కప్పు, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు. చెంచా కొలతను నమ్మకండి. గుళికగా చుట్టుకున్న టీ చెంచాడు వేస్తే 3 గ్రాములు తూగుతుంది, విడివిడిగా దూదిలా ఉండే తెల్ల టీ అదే చెంచాకు ఒక గ్రాము కూడా రాదు. బంగారం అంగట్లో వాడే తరహా చిన్న కాటా ఒకటి కొనుక్కుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

నీళ్ల వేడి ఒక్కో ఆకుకు ఒక్కో తీరు. బ్లాక్ టీకి మరిగే నీళ్లు, మూడు నాలుగు నిమిషాలు. డార్జిలింగ్‌లో మార్చి, ఏప్రిల్‌లో కోసే మొదటి కోతకు 90 డిగ్రీల లోపు. గ్రీన్ టీకి 75 నుంచి 80, రెండు నిమిషాలు చాలు. గ్రీన్ టీ చేదుగా ఉంటుందని మన ఊళ్లో చాలామంది ముఖం తిప్పుకుంటారు. ఆ చేదులో ఎక్కువ వంతు సలసల మరిగే నీళ్లదే.

థర్మామీటరు లేకపోతే ఏం చేయాలి? చిత్తూరు వైపు మనమంతా కాఫీ మనుషులం, గ్లాసూ డబరా లేని ఇల్లుండదు. మరిగిన నీళ్లను గ్లాసులో పోసి ఒకసారి డబరాలోకి తిరగబోస్తే, మా ఇంట్లో నేను కొలిచినప్పుడు, 90కి కాస్త దిగువకు వచ్చాయి. ఇంకోసారి తిరగబోస్తే 80కి దగ్గర. గ్రీన్ టీకి అదే సరైన వేడి. కాఫీ చల్లార్చుకునే ఆ అలవాటు చెయ్యే మనకు థర్మామీటరు.

తిరుమలలో ఉండేవాళ్లకు ఒక చిన్న సంగతి. ఎత్తుకు పోయేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. కొండమీద, సుమారు 850 మీటర్ల ఎత్తున, నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 1,200 మీటర్లు దాటిన హార్స్లీ హిల్స్‌లో ఇంకో డిగ్రీ తగ్గుతుంది. అక్కడ బ్లాక్ టీ చేసుకుంటే ఒక నిమిషం ఎక్కువ ఊరనివ్వండి.

ఆకు మీద నీళ్లు పోసిన వెంటనే మూత పెట్టండి. టైమ్ కాగానే వడగట్టేయండి. ఆకును నీళ్లలోనే వదిలేసి పక్కింటావిడతో మాటల్లో పడితే, తిరిగి వచ్చేసరికి అది నల్లటి వగరు నీళ్లయిపోతుంది. వడగట్టిన ఆకును పారేయకండి. గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ నడిమి రకమైన మంచి ఊలాంగ్ అయితే మూడు నాలుగు సార్లు నీళ్లు పోసుకోవచ్చు, ప్రతిసారీ రుచి మారుతుంది.

నీళ్ల గురించి చెప్పకపోతే ఈ మాటలన్నీ వృథా. మన బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పుతనం, కఠినత్వం ఉన్నవి. బకెట్ల మీద, పంపుల మీద తెల్లటి పొక్కు చూస్తుంటాం కదా. ఆ నీళ్లతో బ్లాక్ టీ చేస్తే పైన నూనె పొరలాగా ఒకటి తేలుతుంది. అది నూనె కాదు. నీళ్లలోని సున్నపు లవణాలు, టీలోని పదార్థాలు గాలి తగిలి కట్టే పొర. రెండు చుక్కలు నిమ్మరసం పిండితే విడిపోతుంది. ఆర్‌ఓ నీళ్లలో పొర కట్టదు గానీ, లవణాలన్నీ పోయిన నీళ్లలో టీ చప్పగా తేలుతుంది. నేను రెండు నీళ్లూ కలుపుతాను, మూడొంతులు ఆర్‌ఓ, ఒక వంతు పంపు నీళ్లు.

రుచి చూడటం దగ్గరికి వద్దాం. ఇందులో మనకు భాష ఇచ్చిన బలం ఉంది. చేదు ఒకటి, వగరు ఒకటి అని మనం చిన్నప్పటి నుంచీ విడిగా ఎరుగుదుం. వేపపువ్వుది చేదు. నేరేడు పండుది, పచ్చి జామకాయది, వక్కది వగరు. సంస్కృతంలో ఆరు రుచుల్లో వగరు పేరే కషాయం. మనం కాచుకునే కషాయమూ అదే మాట. టీ రుచి చూసేవాళ్లకు ఈ తేడా ప్రాణం. చేదు నాలుక మీద తగిలే రుచి. వగరు మాత్రం రుచి కంటే స్పర్శకు దగ్గరది. టీలోని పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకోవడం వల్ల నోరు ఆరినట్టు, బిగిసినట్టు అవుతుంది. మంచి టీలో వగరు ఉండాలి, తొందరగా విడిపోవాలి. విడిపోయాక వెనక నుంచి ఒక తీపి రావాలి. ఉసిరికాయ కొరికి మంచినీళ్లు తాగితే గొంతులో తీపి వస్తుంది చూడండి, దాదాపు అలాంటిది. ఆ తీపి అందిన కప్పు నాకు గుర్తుండిపోతుంది.

తాగేటప్పుడు కాస్త జుర్రండి. పిల్లకాయలు జుర్రితే మనం మందలిస్తాం గానీ టీ పరీక్షించేవాళ్లు చెంచాతో గట్టిగా జుర్రుతారు. గాలితో కలిసి టీ నోరంతా చిమ్ముతుంది, వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కుతుంది. వాళ్లు 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు వేసి 6 నిమిషాలు ఉంచుతారు. దీనికి 1980 నుంచి అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. అంత చిక్కగా చేసేది తాగడానికి కాదు, టీలో లోపం ఉంటే బయటపడటానికి. నానిన ఆకును కూడా చూస్తారు. మీరూ చూడండి. విప్పుకున్న ఆకు ఒక రంగులో, నిండుగా, అంచులు చిరగకుండా ఉంటే కోసినవాళ్లూ ఆరబెట్టినవాళ్లూ శ్రద్ధ పెట్టారని అర్థం. గ్రీన్, బ్లాక్, ఊలాంగ్, తెల్ల టీ అన్నీ ఒకే మొక్క ఆకులు. కోసిన తర్వాత గాలికి ఎంతసేపు మాగనిచ్చారు, ఎప్పుడు వేడి చూపించి ఆపారు అన్నదే తేడా.

దాచుకోవడంలో నేను పడిన బాధ ఒకటి చెప్పాలి. రెండోసారి మావాడు పంపిన డార్జిలింగ్ టీని ప్రేమకొద్దీ దేవుడి అలమరలో పెట్టాను. చల్లగా, చీకటిగా ఉంటుందని. నెల తర్వాత తీసి ఊరబెడితే కప్పు నిండా కర్పూరం. కర్పూరం గది వేడికే ఆవిరయ్యే పదార్థం, టీ ఆకు చుట్టుపక్కల ఏ వాసన ఉన్నా పీల్చుకునే పదార్థం. పొట్లం మూతి రబ్బరు బ్యాండుతో కట్టాను, అది ఏమాత్రం ఆపలేదు. ఆ కప్పు పారబోస్తుంటే ఎక్కడో కొండవాలున బుట్ట భుజాన వేసుకుని ఒక్కో చివురూ గిల్లిన ఆడబిడ్డలు గుర్తొచ్చారు.

ఆ గుణాన్నే చైనాలో మంచికి వాడుకున్నారు. మల్లె టీకి వాడేది మన గుండుమల్లె జాతే. పగలు కోసిన మొగ్గలు రాత్రి విచ్చుకునే వేళకు టీ ఆకుతో కలిపి పరుస్తారు. ఆకు రాత్రంతా ఆ వాసన తాగుతుంది. పొద్దున పువ్వులు తీసేస్తారు. మేలు రకాలకు ఇలా చాలాసార్లు చేస్తారు.

అందుకని టీ డబ్బా పక్కన ఇంగువ, మసాలా, అగరొత్తులు, సబ్బులు ఉండకూడదు. బిగువు మూత ఉన్న స్టీలు డబ్బా మేలు. అందమైన గాజు సీసాలో వెలుతురు పడేచోట పెడితే రంగూ వాసనా రెండూ పోతాయి. పొయ్యి పైనున్న అర అసలే వద్దు. తిరుపతి ఎండలు 40 డిగ్రీలు దాటే నెలల్లో గ్రీన్ టీని ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, కానీ గాలి చొరకుండా సీలు ఉండాలి. తీసిన వెంటనే విప్పకూడదు. చల్లటి ఆకు మీద మన గాలిలోని తేమ చెమటలా పట్టేస్తుంది. గది వేడికి వచ్చాకే విప్పండి. గ్రీన్ టీ ఆరు నెలల్లో, బ్లాక్ టీ ఏడాది రెండేళ్లలో తాగేయడం మంచిది.

మూలికల నీళ్లను కూడా అంగళ్లలో టీ అనే అమ్ముతున్నారు. వాటిలో టీ ఆకు లేదు, చాలావాటిలో కెఫీన్ ఉండదు కాబట్టి రాత్రి కూడా తాగవచ్చు. హైబిస్కస్ టీ అని పెద్ద ధరకు వచ్చే ఎర్రటి రేకలు మన ఎర్రగోంగూర కాయ చుట్టూ ఉండే కండగల రేకలే. ఆ పులుపు మనకు తెలిసిందే. శంఖుపుష్పం నీలి నీళ్లలో నిమ్మరసం పిండితే ఊదారంగుకు మారుతుంది, పిల్లలకు చేసి చూపించండి. బీపీకి, షుగరుకు, రక్తం పలచబడటానికి మందులు వాడేవాళ్లు ఏ మూలికైనా రోజూ తాగే ముందు డాక్టరును అడగండి. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లు అన్నంతో పాటు టీ తాగకండి, ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగండి.

చివరగా నన్నారి. సుగంధిపాల అని కూడా అంటాం. మన అంగళ్లలో ఎర్రటి షర్బత్‌గా సీసాల్లో దొరుకుతుంది. కానీ చక్కెర పాకం లేని నన్నారి రుచి ఎప్పుడైనా చూశారా? గట్టి వేళ్లకు క్వాథం అన్నాను గానీ, నన్నారి వేళ్లను మాత్రం కాచకూడదనే నేనంటాను. దాని వాసన పై బెరడులో ఉంటుంది, ఎక్కువసేపు మరిగిస్తే పోతుంది. ఈ రాత్రికే చేసి చూడండి. పచారీ అంగట్లో ఎండు వేళ్లు అడగండి. సన్నగా, ముదురు గోధుమ రంగులో, విరిస్తే వాసన గుప్పుమనేవి. ఒక పిడికెడు మట్టి పోయేలా కడిగి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి, మధ్యనున్న తెల్లటి పుల్ల తీసేయండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లు కొత్తకుండలో పోసి, దంచిన బెరడు పలుచటి గుడ్డలో మూటకట్టి అందులో వేసి, మూత పెట్టండి. పొద్దున లేచి, పళ్లు తోముకున్న ఒక గంట తర్వాత, ఏమీ కలపకుండా అర గ్లాసు తాగండి. మొదట ఏమీ లేదనిపిస్తుంది. మింగిన తర్వాత ఊపిరి వదిలినప్పుడు వస్తుంది నన్నారి. మధ్యాహ్నంలోపు ఆ కుండ ఖాళీ చేసేయండి.

సెలవు. నమస్కారం.