సంచి తీయించే ముందు ముక్క పరీక్ష

శ్రీకాకుళం వచ్చిన ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు, డ్వాక్రా అక్కచెల్లెళ్లకు నమస్కారం.

గర్భసంచి ముఖద్వారంలో వచ్చే క్యాన్సర్ ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదురుతుందని, ముందే పట్టుకోవచ్చని మీకు చాలాసార్లు చెప్పారు. ఎక్కువ మందిలో అది నిజమే. కానీ స్మాల్ సెల్ న్యూరోఎండోక్రైన్ అనే రకం ఉంది. వంద కేసుల్లో ఒకటో రెండో. దీనికీ మూలం హెచ్‌పీవీ అనే వైరసే, ముఖ్యంగా 18, 16 రకాలు. అయితే పుండు చిన్నగా ఉండగానే రక్తం దారిలో ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఎముకలకు పాకేస్తుంది. ముఖద్వారం దగ్గర కణాలు తుడిచి చూసే పాప్ స్మియర్‌కు చాలాసార్లు చిక్కదు.

లక్షణాల్లో మాత్రం తేడా ఉండదు. కలిసిన తర్వాత రక్తం కనపడటం, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తస్రావం, వాసనతో తెల్లబట్ట. ఇవి చెప్పగానే ఇంట్లో, వీధిలో అనే మాట, "పిల్లలు పుట్టేశారు కదా, సంచి తీయించేసుకో." నాకు అన్నిటికన్నా భయం ఈ మాటంటేనే. లోపల క్యాన్సరుందని తెలియక మామూలు ఆపరేషన్ చేసేస్తే అది చాలదు, తర్వాత వైద్యమూ చిక్కుల్లో పడుతుంది.

ముందు ముక్క పరీక్ష, అంటే బయాప్సీ. పుండు నుంచి బియ్యపు గింజంత ముక్క తీసి ఫార్మలిన్ సీసాలో వేస్తారు. ల్యాబులో దాన్ని మైనపు దిమ్మలో బిగించి, పలచటి పొరలుగా కోసి, రంగు వేసి చూస్తారు. ఈ రకంలో కణాలు చిన్నగా, ముదురు నీలంగా, ఒకదాన్నొకటి ఒత్తుకుని కనిపిస్తాయి. అనుమానం వస్తే సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ లాంటి పరీక్షలు అదే దిమ్మ మీద చేస్తారు. అందుకే అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు స్లైడులు, బ్లాకు (ఆ మైనపు దిమ్మ) కూడా ఇప్పించి పంపండి. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు.

ఎంత పాకిందో స్కానింగులో చూస్తారు. పుండు నాలుగు సెంటీమీటర్ల లోపుండి పాకకపోతే ఆపరేషన్, ఆపైన కీమో. పెద్దదైతే కీమోతో పాటు కరెంటు (రేడియేషన్) పెడతారు. పాకకముందే దొరికి నయమైనవాళ్లున్నారు. పాకాక చాలా కష్టం, అది దాచి చెప్పలేను.

కీమో మందులు ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద పడుతుంది. కవిటి, సోంపేట, పలాస వైపు నుంచి వచ్చేవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఉద్దానం కిడ్నీ జబ్బు మీకు నేను చెప్పాలా? కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష పాత రిపోర్టులుంటే ఒక్కటీ వదలకుండా చేతిసంచిలో పెట్టించండి. అవి చూస్తే డాక్టరు సిస్‌ప్లాటిన్ బదులు, కిడ్నీల మీద అంతగా పడని కార్బోప్లాటిన్‌కు మార్చే వీలుంటుంది. కీమో మధ్యలో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.