ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ అయితే కీళ్లవాతం లేనట్టేనా? పొద్దున ఆరింటికి మీ వేళ్లనే అడగండి!

ఆ క్లిప్ చూశారుగా? "ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చిందా, అయితే మీకు కీళ్లవాతం లేనట్టే, హాయిగా పడుకోండి" అని రిపోర్టు ఊపుతూ చెప్పిన క్లిప్. సగంమంది నాకే ఫార్వర్డ్ చేశారు. ఆర్ఏ ఫ్యాక్టర్ అంటే కీళ్లవాతం అనుమానమొస్తే చేసే ఒక రక్తపరీక్ష. ఒక్కమాట చెప్తా, రాసిపెట్టుకోండి: కీళ్లవాతం విషయంలో ఆ నెగెటివ్ కాగితం అంత మోసం ఇంకోటి లేదు!

రుమటాయిడ్, అంటే ఈ కీళ్లవాతం ఉన్న ఐదుగురిలో ఒకరికైనా ఆ టెస్ట్ నెగెటివే వస్తుంది. జబ్బే లేని కొందరు పెద్దవాళ్లకేమో పాజిటివ్ వస్తుంది, హెపటైటిస్ సి ఉన్నవాళ్లకీ వస్తుంది. 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ (కీళ్లవాతం డాక్టర్ల) సంఘాలు కలిసి ఒక మార్కుల పద్ధతి పెట్టాయి. పదికి ఆరు వస్తే రుమటాయిడ్ కింద లెక్క. అందులో వాచిన, నొప్పెట్టే కీళ్లకి 5 మార్కుల దాకా ఉన్నాయి. ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే ఇంకో రక్తపరీక్ష, రెండూ కలిపి 3కి మించవు. అంటే రెండూ నెగెటివ్ వచ్చినా పాసైపోవచ్చు! కాగితం ఊపే పెద్దమనిషికి ఇది తెలీదా?

మరి జబ్బు దొరికేదెక్కడ? పొద్దున ఆరింటికి, వంటింట్లో. పాల ప్యాకెట్ కత్తిరిద్దామంటే కత్తెరలో వేళ్లు ముడుచుకోవు. తడిగుడ్డ పిండబోతే మణికట్టు దగ్గర ప్రాణం పోతుంది. రాత్రి తీసిన ఉంగరం మళ్లీ ఎక్కదు. పిడికిలి బిగించి చూడండి, కణుపుల మధ్య ఉండాల్సిన పల్లాలు వాపుతో పూడిపోయి ఉంటాయి, ఎక్కువగా రెండు చేతులకీ. గట్టిగా షేక్‌హ్యాండ్ ఇస్తే కెవ్వుమంటారు. కాలివేళ్ల మొదళ్లలోనూ ఇదే తంతు. గోరు పక్కనున్న చివరి కణుపు జోలికి మాత్రం మామూలుగా పోదు. మోకాళ్ల అరుగుదలలోనూ పొద్దున పట్టేస్తుంది కదా అంటారేమో, అది సాధారణంగా అరగంట లోపే వదిలేస్తుంది. రుమటాయిడ్ గంటైనా వదలదు. పైగా ఒళ్లంతా నీరసం, ఒక్కోసారి సన్నటి జ్వరం.

ఇప్పుడు నా థియరీ, తిట్టుకున్నా సరే. మన ఊళ్లలో డాక్టర్లని కలిసేది సాయంత్రం ఆరు దాటాక. అప్పటికి వేళ్లు కాస్త సాగి మామూలుగా కనిపిస్తాయి. "ఎక్కడమ్మా నొప్పి" అంటే మనం అలవాటుగా మోకాలు చూపిస్తాం. కాల్షియం మాత్రలు చేతికొస్తాయి. పొద్దున జబ్బుని సాయంత్రం వెతుకుతున్నాం, అదీ సంగతి!

ఇంటికొస్తే అత్తగారు "పులుపు మానెయ్యి" అంటారు. చింతపండు ఏం పాపం చేసిందండీ? చారులో అది మానేస్తే కీళ్లు బాగుపడవు, అన్నం దిగదు, అంతే!

ఇంకోటి, "ఒక్క ఇంజక్షన్‌తో లేచి పరిగెత్తింది" అనే కథలు. చాలాసార్లు అందులో ఉండేది స్టెరాయిడ్. వాపు దిగుతుంది, జబ్బు దిగదు. ఈలోగా మొదటి కొన్ని నెలలు చేజారిపోతాయి. కీలు పాడవకుండా ఆపడానికి మందులు బాగా పనిచేసేది అప్పుడే. ఎక్స్‌రేలో తేడా కనిపించేసరికి ఎముక కొరుక్కుపోయి ఉంటుంది. మొదట్లో తీస్తే ఎక్స్‌రే కూడా నార్మలే!

చికున్‌గున్యా తర్వాత కూడా కీళ్లు ఇలాగే వాస్తాయి, నిజమే. కానీ ఆరు వారాలు దాటినా వాపు పోలేదంటే రుమటాలజిస్టు దగ్గరికెళ్లండి. ఆడవాళ్లకి రుమటాయిడ్ మగవాళ్లకన్నా రెండుమూడు రెట్లు ఎక్కువ, కాబట్టి ఈ వీడియో అమ్మకీ అక్కకీ పంపండి.

రేపు లేవగానే పిడికిలి బిగించి ఫోన్‌లో వీడియో తీయండి, టైమ్ కనబడేలా. గంట తర్వాత ఇంకోటి. సాయంత్రం డాక్టర్‌కి ఆ రెండూ చూపించి "ఇన్ని నిమిషాలు పట్టేసింది" అని చెప్పండి. నెగెటివ్ వచ్చి తర్వాత జబ్బు బయటపడినవాళ్లు కామెంట్లో రాయండి. రిపోర్టు ఫోటోలు మాత్రం పెట్టొద్దు, పేర్లుంటాయి.