తేనె మందేనా? పుప్పొడి, రాయల్ జెల్లీ, తేనెటీగ విషం... వాట్సాప్ మెసేజ్‌లో నిజం ఎంత

అందరికీ నమస్కారమండి, మన సిక్కోలు, ఇజీనారం వాళ్ళకి ఇంకో నమస్కారం ఎక్స్‌ట్రా. ఈ మధ్య మన సైడు గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరిగీస్తోంది, మీక్కూడా వచ్చే ఉంటాది. తేనె, పుప్పొడి, రాయల్ జెల్లీ (కూలీ ఈగలు రాణీ ఈగకి తినిపించే పాలలాంటి పదార్థం), ప్రొపోలిస్ (ఈగలు పట్టుకి పూసే బంక), తేనెటీగ విషం, ఈ అయిదూ వాడితే షుగరు పోతాది, మోకాళ్ళ నొప్పులు పోతాయి, ఆస్తమా పోతాది, ఆఖరికి కిడ్నీ కూడా బాగైపోతాది అని. కింద ఒక ఫోన్ నంబరు, డబ్బా ఇంత అని రేటు. మా చిన్నత్త నాకు ఫార్వర్డ్ చేసి, ఒరే, ఇది తెప్పించమంటావేటిరా అని అడిగింది. అత్తా, ఈ వీడియో నీకోసమే, ఆఖరిదాకా చూడు.

ముందే చెప్పీస్తున్నా. ఈ అయిదింట్లో చెప్పుకోదగ్గ సాక్ష్యం ఉన్నది ఒక్క తేనెకే, అదీ రెండు పనులకి, దగ్గుకి, పైపైన కాలిన గాయాలకి. మిగతావి చాలామట్టుకు డబ్బా మీద రాతలే, కొన్నైతే ప్రమాదం కూడా.

దగ్గు సంగతి చూద్దాం. మన మామ్మలు అల్లం రసంలో తేనె, తులసాకు రసంలో తేనె, మిరియాల పొడిలో తేనె అని నాకించేవాళ్ళు కదా, అందులో పనిచేసేది ముఖ్యంగా తేనేనండి. 2007లో అమెరికాలో 105 మంది పిల్లలకి, జలుబు దగ్గుతో రాత్రి నిద్ర పట్టని పిల్లలకి, పడుకునే ముందు కొందరికి తేనె, కొందరికి దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫన్ ఇచ్చి, కొందరికి ఏమీ ఇవ్వకుండా చూసారు, తేనె నాకిన పిల్లలకే దగ్గు ఎక్కువ తగ్గిందని తల్లిదండ్రులు చెప్పారు. 2018లో బ్రిటన్‌లో నైస్ అనే సర్కారీ సంస్థ కూడా, మామూలు దగ్గుకి డాక్టర్లు వెంటనే యాంటీబయాటిక్ రాయొద్దు, ముందు తేనె వాడమని చెప్పండి అని గైడ్‌లైన్ ఇచ్చింది. ఆ అమెరికా వాళ్ళు వాడిన లెక్క ప్రకారం రెండు నుంచి అయిదేళ్ళ పిల్లలకి అర టీస్పూను, ఆరు నుంచి పదకొండుకి ఒక టీస్పూను, ఆ పైన రెండు, పడుకోడానికి అరగంట ముందు. అంతే, గ్లాసులు గ్లాసులు అక్కర్లేదు. కాకపోతే దగ్గు రెండు వారాలు దాటినా తగ్గలేదనుకోండి, తేనె సీసా పక్కన పెట్టి పీహెచ్‌సీకి వెళ్ళి కళ్లె పరీక్ష చేయించుకోండి, టీబీకి ఆ టెస్టు ఫ్రీగానే చేస్తారు.

ఇప్పుడు అసలైన మాట, ఇది పెద్దవాళ్ళకి కోపం తెప్పిస్తాది, తెప్పించినా చెప్పాలి. మన ఇళ్ళల్లో బిడ్డ పుట్టగానే నాలిక మీద తేనె రాస్తారు. తర్వాత మాటలు బాగా రావాలని సానరాయి మీద వసకొమ్ము రెండు తిప్పులు అరగదీసి, ఆ గంధంలో తేనె చుక్క వేసి, కొందరు బంగారం ఉంగరం కూడా దాంట్లో రాసి, చూపుడు వేలితో తీసి గుంటడి నోట్లో పెడతారు. ప్రేమతోనే పెడతారు, కాదన్ను. కానీ ఏడాది నిండని బిడ్డకి తేనె వద్దు, చుక్క కూడా వద్దు. ఎందుకంటే తేనెలో క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ళ పేగుల్లో అవి మొలకెత్తలేవు, పసిపిల్లల పేగుల్లో మొలకెత్తుతాయి, అక్కడే విషం తయారు చేస్తాయి. ముందు విరేచనం బిగుసుకుపోతాది, తర్వాత ఏడుపు నీరసంగా వస్తాది, పాలు సరిగ్గా పీల్చదు, కనురెప్పలు వాలిపోతాయి, మెడ నిలబడదు, ముదిరితే ఊపిరి తీసుకోడానికి మెషీన్ పెట్టాలి. తేనెని మరగబెట్టి ఇస్తాం కదా అంటారు కొందరు, ఇంట్లో పొయ్యి మీద మరిగిస్తే ఆ బీజాలు చావవండి. స్వచ్ఛమైన అడవి తేనె అయినా అంతే, కల్తీకి దీనికి సంబంధం లేదు. మా కాలంలో అందరికీ రాసాం, ఏటైపోయింది అని మామ్మ అంటాది. నిజమే, అందరికీ అవ్వదు, చాలా అరుదు. కానీ దానివల్ల బిడ్డకి ఒరిగేది ఏమీ లేనప్పుడు ఆ కాస్త రిస్కు మాత్రం ఎందుకు? కోడళ్ళు అత్తగారికి ఎదురు చెప్పలేకపోతే ఈ వీడియో పెట్టి చూపించీండి, తిట్లు నన్ను తిట్టమనండి.

కాలిన గాయాలు. షోలాపూర్‌లో ఎం. సుబ్రహ్మణ్యం అనే సర్జన్ 1991లో 104 మంది కాలిన పేషెంట్లలో సగం మందికి తేనె కట్టు, సగం మందికి హాస్పిటళ్ళలో వాడే సిల్వర్ సల్ఫాడయజీన్ కట్టు వేసి చూస్తే తేనె కట్టు వేసినవాళ్ళకే తొందరగా మానిందని రాసారు. 2015లో కాక్రేన్ అని, ప్రపంచంలో జరిగిన ట్రయల్స్ అన్నీ ఒకచోట పెట్టి జల్లెడ పట్టే సంస్థ, వాళ్ళు కూడా పైపైన కాలిన గాయాలకి తేనె బాగానే పనిచేస్తోందని తేల్చారు. ఎలా పనిచేస్తాదంటే, తేనెలో నీరు మామూలుగా ఇరవై శాతం లోపే ఉంటాది, మిగతా దాదాపు అంతా చక్కెరలే, అందులో క్రిమి పడితే దానిలో ఉన్న నీరు కూడా లాగీస్తాది. పైగా పుల్లటి గుణం. ఇంకోటి, గాయం రసితో తేనె కాస్త పలచబడగానే దాంట్లో ఉన్న గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము కొంచెం కొంచెంగా హైడ్రోజన్ పెరాక్సైడ్ వదుల్తాది, మెడికల్ షాపులో పుళ్ళు కడగడానికి అమ్ముతారే, అదే. అయితే హాస్పిటల్లో వాడేది గామా కిరణాలతో బీజాలు చంపేసిన తేనె, మన వంటింటి సీసా కాదు. ఇంట్లో నూనె చిందినా గంజి పడినా చేయాల్సింది ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టడం, పేస్టు, ఇంకు, పసుపు ఏదీ వద్దు. బొబ్బలు పెద్దగా లేస్తే, మొహం మీద పడితే, చిన్నపిల్లలైతే ఆలోచించకుండా హాస్పిటల్.

షుగరు ఉన్నవాళ్ళు, పంచదార మానీసి తేనె వేసుకుంటున్నాం అని ధీమాగా ఉంటారు చూడండి. ఒక టేబుల్ స్పూను పంచదారలో సుమారు 49 క్యాలరీలు, అదే స్పూను తేనెలో 64. తేనె బరువెక్కువ కదా, ఒక స్పూనుకి 21 గ్రాములు తూగుతాది, అందులో 17 గ్రాములు చక్కెరే. నిమ్మకాయ నీళ్ళల్లో తేనె వేసుకుని తాగితే బరువు తగ్గేది కూడా ఆ గ్లాసు వల్ల కాదు, పొద్దున్నే ఇడ్లీ బదులు అది తాగి ఊరుకోవడం వల్ల.

స్వచ్ఛత అంటారా, అది వేరే పురాణం. హైవే పక్కన చెట్టు కింద స్టీలు బకెట్ పెట్టుకుని అమ్ముతారు, పైన తుట్టె ముక్క తేల్తూ ఉంటాది, దాని మీద చచ్చిన ఈగలు నాలుగు అతుక్కుని, చుట్టూ బతికున్నవి ముసురుతూ, చూస్తే నిన్నే అడవిలోంచి దింపినట్టు ఉంటాది. గరిటె లోపలికి పెట్టి పైకి లేపమనండి, ఒకసారి వాసన చూడండి, చాలాసార్లు బెల్లం పాకం వాసనే. తుట్టె నిజమే, కింద ఉన్నదే పాకం. అగ్గిపుల్ల ముంచి వెలిగించడం, నీళ్ళ గ్లాసులో చుక్క వేయడం, కుక్క ముట్టదనడం, చీమలు పట్టవనడం, ఇవేవీ టెస్టులు కావు. బ్రాండెడ్ వాటి సంగతీ అంత గొప్పగా లేదు. 2020 డిసెంబర్‌లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు 13 బ్రాండ్లు టెస్ట్ చేయిస్తే అన్ని పరీక్షలూ పాసైనవి మూడే, మిగతావాటిలో టెస్టుకి దొరక్కుండా తయారు చేసిన చక్కెర సిరప్ కలిసిందని చెప్పారు, కంపెనీలు మాత్రం ఒప్పుకోలేదు. మనకి ఉన్నంతలో మంచి దారి సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో సవరలు, జాతాపులు తెచ్చే కొండతేనె. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, వాళ్ళ దగ్గర తేనె కొని సీసాల్లో పెట్టి అమ్ముతాది. నేను అదే కొంటాను, వాళ్ళు నాకేమీ ఇవ్వలేదండి, మళ్ళీ ప్రమోషన్ అనుకునేరు. చలికాలంలో సీసా అడుగున పంచదారలా పేరుకుంటే కల్తీ అని పారబోయకండి, తేనెలో గ్లూకోజ్ గడ్డకట్టడం అది, గోరువెచ్చటి నీళ్ళల్లో సీసా పెడితే కరుగుతాది.

తేనెపట్టు మైనం గురించి ఒక్క మాట, కాళ్ళ పగుళ్ళకి కొబ్బరి నూనెలో మైనం కరిగించి రాసుకోవచ్చు, తడి ఆరకుండా పట్టి ఉంచుతాది, హాయిగా రాసుకోండి.

రాయల్ జెల్లీ. దీనికి చెప్పే లాజిక్కే నాకు నవ్వొస్తాది. రాణీ ఈగ ఇదే తిని ఏళ్ళకేళ్ళు బతుకుతాది, కూలీ ఈగ సీజన్లో ఆరువారాలకే పోతాది, కాబట్టి మీరూ తినండి అని. రాణీ ఈగ జీవితమంతా గుడ్లు పెడుతూనే ఉంటాది బాబూ, ఆ పని కూడా చేస్తారేటి? 2011లో యూరప్ ఆహార భద్రతా సంస్థ రాయల్ జెల్లీ మీద కంపెనీలు చెప్పిన ఆరోగ్య లాభాలు చూసి, రుజువు లేదని పక్కన పెట్టేసింది. ఆ మెసేజ్‌లో ఆస్తమాకి మంచిదని కూడా రాసారు కదా, సరిగ్గా ఉల్టా. ఆస్ట్రేలియాలో 1990ల్లో ఆస్తమా ఉన్న పదకొండేళ్ళ అమ్మాయి రాయల్ జెల్లీ తిని ఊపిరాడక చనిపోయింది, ఆ తర్వాత అక్కడ సీసా మీద హెచ్చరిక రాయాలని రూల్ పెట్టారు. పుప్పొడి గుళికలూ అంతే, ఎలర్జీ ఉన్నవాళ్ళకి ఒక్క స్పూనుతో గొంతు వాచిపోవచ్చు.

విషం సంగతి. ఈగల్ని పట్టి మోకాలి మీద కుట్టించుకోవడం కొత్తదేం కాదు, 1888లోనే ఫిలిప్ టెర్చ్ అని ఆస్ట్రియాలో ఒక డాక్టరు కీళ్ళ నొప్పులకి దీని గురించి రాసారు. ఆ విషంలో నీరు పోగా మిగిలినదాంట్లో దాదాపు సగం మెలిటిన్ అనే పదార్థం, ల్యాబుల్లో దాని మీద పరిశోధన జరుగుతోంది, అది వేరు. మనిషి మీద చూస్తే, 2005లో నెదర్లాండ్స్‌లో మల్టిపుల్ స్క్లెరోసిస్ అని, మెదడు, వెన్నుపాము నరాలు దెబ్బతినే జబ్బు ఉన్న 26 మందికి 24 వారాలు కుట్టించే పద్ధతి నడిపారు, లాభం ఏమీ కనపడలేదు. స్పెయిన్‌లో 55 ఏళ్ళ ఆవిడ రెండేళ్ళపాటు నెలకోసారి కుట్టించుకుంది, ఏమీ అవ్వలేదు, ఒకరోజు ఎప్పటిలాగే ఈగ కుట్టగానే పడిపోయింది, కోమాలోకి వెళ్ళి కొన్ని వారాలకి చనిపోయింది, 2018లో డాక్టర్లు ఆ కేసు పబ్లిష్ చేసారు. ఇన్నాళ్ళూ ఏమీ అవ్వలేదు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు, కుట్టించుకునే కొద్దీ కొందరి ఒళ్ళు ఎలర్జీకి రెడీ అవుతాది.

కిడ్నీ మాట చూసి నాకు నిజంగా ఒళ్ళు మండింది. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు సైడు, చాలా ఇళ్ళల్లో కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న ఊళ్ళున్నాయి, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, పలాసలో 2023లో కిడ్నీ రీసెర్చ్ సెంటర్ కూడా కట్టారు. అలాంటి చోట ప్రొపోలిస్‌తో క్రియాటినిన్, అదే కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్త పరీక్షలో చూసే లెక్క, తగ్గుతాదని అమ్ముతున్నారంటే ఏమనాలి? ప్రొపోలిస్ అంటే చెట్ల జిగురు తెచ్చి ఈగలు పట్టులో పగుళ్ళు పూడ్చుకునే బంక. 2005లో తైవాన్ డాక్టర్లు రాసిన కేసు వినండి, కాన్సర్ ఉన్న ఒకాయన ప్రొపోలిస్ తాగితే కిడ్నీలు ఆగిపోయి డయాలసిస్ పెట్టాల్సొచ్చింది, మానితే బాగైంది, మళ్ళీ తాగితే మళ్ళీ పాడైంది. ఒక్క కేసే, అందరికీ అవుతాదని కాదు, కానీ కిడ్నీ అసలే నీరసంగా ఉన్నవాళ్ళు ప్రయోగం చేయాల్సిన వస్తువు కాదది. డాక్టర్ ఇచ్చిన మాత్రలు ఆపీసి ఆ డబ్బా పట్టుకుంటే ఇంకా ఘోరం. చిన్నత్తా, విన్నావు కదా, ఆ నంబరుకి ఫోన్ చెయ్యకు.

ఆఖర్న ఒకటి, జీడితోటల్లో పనిచేసేవాళ్ళకి. తేనెటీగ కుడితే ముల్లు ఒంట్లోనే ఉండిపోతాది, దాని సంచి ఇంకా విషం దింపుతూనే ఉంటాది, కాబట్టి గోరుతోనో కత్తి వీపుతోనో వెంటనే గీకి తీసీండి, తర్వాత సబ్బు నీళ్ళు, చల్లటి గుడ్డ, సున్నం అక్కర్లేదు. కుట్టిన చోట కాకుండా ఒళ్ళంతా దద్దుర్లొచ్చినా, పెదాలు నాలిక వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్ళు తిరిగినా 108కి కొట్టండి, అక్కడ ఇవ్వాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్. పట్టు కదిలి ఒకేసారి పదులకొద్దీ కుడితే ఏ లక్షణం లేకపోయినా హాస్పిటల్‌కి వెళ్ళిపోండి, అంత విషం ఒకటి రెండు రోజుల తర్వాత కిడ్నీని దెబ్బకొట్టగలదు.