ఆత్మసాక్షిగా అంటే ఎవరి సాక్షిగా?

[తెర మీద: పాత టీవీ, ఎదురుగా ఖాళీ పడక్కుర్చీ]

నమస్తే. కొత్త ఎమ్మెల్యేలు ప్రమాణం చేసే రోజున మా అమ్మమ్మ టీవీ ముందు నుంచి లేచేది కాదు. ఒక్కొక్కరూ వచ్చి "దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను" అంటుంటే తలాడిస్తూ వినేది. మధ్యలో ఎవరో ఒకరు "ఆత్మసాక్షిగా" అనేవారు. వెంటనే నా వైపు తిరిగేది.

"ఒరేయ్, మరి ఈయన తప్పు చేస్తే ఎవరికి భయపడతాడు?"

నా దగ్గర జవాబు ఉండేది కాదు. చెడ్డవాణ్ణి మనం "పాపభీతి లేనివాడు" అంటాం. మంచివాణ్ణి "దేవుడులాంటి మనిషి" అంటాం. మనం మాట్లాడే మాటల్లోనే మంచిచెడ్డల తూనిక దేవుడి చేతిలో ఉంది. మరి ఏ మతంలోనూ లేని మనిషి ఆ తూనికను ఎక్కడ పెట్టుకుంటాడు?

ముందు ఆ ప్రమాణం సంగతి చూద్దాం. రాజ్యాంగం మూడో షెడ్యూల్ రెండు దారులూ ఇచ్చింది. దేవుడి పేరు మీద ప్రమాణం చేయొచ్చు, ఆ పేరు లేకుండానూ చేయొచ్చు. రెండింటికీ ఒకటే విలువ. దేవుడి పేరు గురించిన వాదన పీఠిక దగ్గర కూడా వచ్చింది. 1949 అక్టోబర్ 17న రాజ్యాంగ సభలో హెచ్.వి.కామత్ లేచి, పీఠికను "దేవుని పేరిట" అంటూ మొదలుపెట్టాలని సవరణ తెచ్చారు. పూర్ణిమా బెనర్జీ ఆయన్ని బతిమాలారు, దేవుడి మీద ఓటు వేయాల్సిన ఇబ్బందిలో మమ్మల్ని పెట్టకండి అని. హృదయనాథ్ కుంజ్రూ అయితే, ఇది ఎవరికి వారు తేల్చుకోవాల్సిన నమ్మకం, అందరి మీదా రుద్దకూడదు అన్నారు. కామత్ వెనక్కి తగ్గలేదు. ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. ఆ 68 మందిలో పూజలు చేసుకునేవాళ్లు ఉండరా? ఉంటారు. నా నమ్మకం నాది, దాన్ని పక్కవాడి నోట పలికించను అనుకోగలిగారు. నాకు వాళ్ల మీద గౌరవం అందుకే.

ఇక అమ్మమ్మ ప్రశ్న. దానికి నాకు దొరికిన మంచి జవాబు మన దగ్గరే, విజయవాడ పటమటలో ఉంది.

[తెర మీద: కృష్ణా జిల్లా మ్యాప్, ముదునూరు నుంచి విజయవాడకు గీత]

గోపరాజు రామచంద్రరావు. అందరికీ గోరా. 1902లో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివారు. బ్రాహ్మణ కుటుంబం. జంధ్యం వద్దన్నందుకు ఇల్లు వదలాల్సి వచ్చింది. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడలో లెక్చరర్ ఉద్యోగం పోయింది. భార్య సరస్వతి గారికి పెళ్లినాటికి పదేళ్లు. ఆవిడ తర్వాత కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశారు. ఆ రోజుల్లో ఓ గర్భిణి అలా చూడటమంటే ఎంత గుండె ధైర్యం కావాలో మన ఇళ్లలో పెద్దవాళ్లని అడగండి, చెబుతారు.

1940లో ఇద్దరూ కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అన్ని కులాలవాళ్లనీ ఒకే బంతిలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టారు, పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పారు. 1947లో కేంద్రం విజయవాడకు మారింది.

పిల్లల పేర్లు చూడండి. ఉప్పు సత్యాగ్రహం నాటి కొడుకు లవణం. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చిన రోజుల్లో పుట్టినవాడు సమరం. అవును, మీలో చాలామందికి తెలిసిన డాక్టర్ సమరం గారే. పేరులో దేవుణ్ణి పెట్టకపోతే ఏం పెట్టాలి అన్న చోట ఆ తల్లిదండ్రులు తమ కాలాన్ని పెట్టారు.

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం.

1930లో గోరా గాంధీకి ఉత్తరం రాశారు. మీరు దేవుడు అనే మాట వాడుతుంటారు, దాని అర్థమేమిటి అని. దేవుడు మనిషి బుద్ధికి అందనివాడు అని గాంధీ ఒక్క ముక్కలో జవాబిచ్చారు. అక్కడితో అయిపోవాల్సిందే. కానీ ఈలోపు గాంధీలోనూ ఒక మార్పు నడుస్తోంది. మొదట్లో ఆయన "దేవుడే సత్యం" అనేవారు. 1931 డిసెంబర్‌లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో మాట్లాడుతూ, తాను ఒక అడుగు ముందుకేసి "సత్యమే దేవుడు" అంటున్నానని చెప్పారు. నాస్తికులు కూడా సత్యాన్ని కాదనలేరు కదా అన్నది ఆయన ఆలోచన. పదాలు అటూ ఇటూ మారాయి, అంతే. కానీ ఆ ఒక్క మార్పుతో తలుపు తెరుచుకుంది.

1944 నవంబర్‌లో గోరా గాంధీ ఆశ్రమం ఉన్న సేవాగ్రామ్ వెళ్లారు. నాస్తికత్వం ఎందుకు అని గాంధీ అడిగితే సిద్ధాంతం చెప్పలేదు. 1943 కరువులో కలకత్తా వీధుల్లో తాను చూసింది చెప్పారు. తినుబండారాల దుకాణాల పక్కనే జనం ఆకలితో చచ్చిపోతున్నారు. ఉన్నవాడు పట్టించుకోడు, లేనివాడు ఇది నా కర్మ అనుకొని కళ్లు మూస్తాడు. తన చేతుల్లో ఉన్నది దేవుడి చేతుల్లో ఉందనుకోవడం వల్లే ఇదంతా అని గోరా వాదన. గాంధీ ఓపిగ్గా విన్నారు. తర్వాత మాటల్లో, నా ఆస్తికత్వం ఒప్పని గానీ మీ నాస్తికత్వం తప్పని గానీ నేను అనలేను, మనిద్దరం సత్యాన్ని వెతుకుతున్నవాళ్లం అన్నారు.

గోరా తన పెద్దమ్మాయి మనోరమ పెళ్లి దళిత యువకుడు అర్జునరావుతో చేస్తానన్నారు. వధూవరుల్లో ఒకరైనా హరిజనులు కాని పెళ్లిళ్లకు వెళ్లడం గాంధీ అప్పటికే మానేశారు. ఈ పెళ్లి సేవాగ్రామ్ ఆశ్రమంలోనే జరగాలన్నారు, ముందు అబ్బాయి రెండేళ్లు ఆశ్రమంలో ఉండాలన్నారు. ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఆశ్రమం పెళ్లిళ్లలో ప్రమాణం దేవుడి పేరు మీద ఉంటుంది. ఆ మాట పలికితే ఈ కుటుంబం తమ మనసుకు తామే అబద్ధం చెప్పినట్టు. రోజూ సాయంత్రం ప్రార్థన చేసే గాంధీ ఏమన్నారో తెలుసా? దేవుడు అన్న చోట సత్యం అని పెడదాం అన్నారు.

[ఇక్కడ రెండు సెకన్లు నిశ్శబ్దం. సంగీతం వద్దు.]

1948 జనవరి 30న గాంధీ హత్య జరిగింది. పెళ్లి ఆగలేదు. మార్చి 13న సేవాగ్రామ్‌లో జరిగింది. మాట ఇచ్చిన పెద్దమనిషి పోయి ఆరు వారాలైనా ఆ మాట నిలబడింది. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది.

అమ్మమ్మ అడిగిన భయం సంగతికి గోరా ఇచ్చే జవాబు తేలికైనదేం కాదు. దేవుడు లేడంటే నేను చేసిన ప్రతి పనికీ నేనే పూచీ. తప్పు చేసి హుండీలో వేస్తే పోదు, నదిలో మునిగితే కరగదు. కాబట్టి దాచుకోకుండా, నలుగురికీ కనబడేలా బతకాలి. నైతికత అంటే ఆయనకు అదే.

వాళ్ల కోడలు హేమలత ఆ మాటను ఇంకా దూరం తీసుకెళ్లారు. ఆవిడ మహాకవి జాషువా కూతురు. లవణంతో పెళ్లి 1960లో, అదీ సేవాగ్రామ్‌లోనే. స్టువర్టుపురం పేరు చెప్తే జనం జేబులు తడుముకునే రోజుల్లో, ఆ ఊళ్లోకి వెళ్లి ఆ కుటుంబాలతో కలిసి పనిచేశారు. బ్రిటిష్‌వాళ్లు పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన జనం వాళ్లు. ఆ ముద్ర వేసిన చట్టం 1952లో పోయినా ముద్ర పోలేదు. తర్వాత నిజామాబాద్ జిల్లాలో జోగినుల కోసం నిలబడ్డారు. చిన్నపిల్లల్ని దేవత పేరు చెప్పి ఊరికి వదిలేసే ఆచారం అది. 1988లో దాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది.

చట్టం అన్నాను కాబట్టి ఒక్క నిమిషం. 1872లో వచ్చిన పెళ్లి చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే, నేను హిందువుని కాను, ముస్లింని కాను, క్రైస్తవుణ్ణి కాను అంటూ రాసివ్వాలి. 1954 ప్రత్యేక వివాహ చట్టం ఆ అవసరం తీసేసింది. ముప్పై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు చాలు. ఆ నోటీసు ఆఫీసు బోర్డు మీద అందరికీ కనబడేలా అంటిస్తారు, కులాంతర జంటలకు ఆ నెల రోజులూ టెన్షనే. 2023లో తెలంగాణ హైకోర్టు, బర్త్ సర్టిఫికెట్ దరఖాస్తులో మతం లేదు, కులం లేదు అని రాసుకునే కాలమ్ ఉండాలంది.

కాగితం మీద కాలమ్ దొరుకుతుంది. చావు వచ్చినప్పుడే కష్టం. మతానికి అక్కడ చాలా బలం ఉంది, ఒప్పుకోవాలి. ఏ రోజు ఏం చేయాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో చెబుతుంది. ఏడ్చేవాళ్లకు చేతుల్లో పని పెడుతుంది. మతం వద్దనుకున్న ఇంట్లో ఆ పని వాళ్లే వెతుక్కోవాలి.

మా వీధి చివర ఒక మాస్టారు ఉండేవారు. గుడికి వెళ్లేవారు కాదు, వెళ్లేవాళ్లను ఒక్క మాటా అనేవారు కాదు. పోయినప్పుడు ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చారు. అంబులెన్స్ వెళ్లిపోయాక వాకిట్లో అందరం ఏం చేయాలో తెలియక అలాగే నిలబడ్డాం. అగ్గి లేదు, కుండ లేదు, మంత్రం లేదు.

కాసేపటికి వాళ్లావిడ లోపలి నుంచి డైరీ తెచ్చి కొడుకు చేతికిచ్చారు. చివరి పేజీలో బాకీలు రాసుకున్నారు మాస్టారు. పాలకు ఇంత, ఇస్త్రీకి ఇంత. కింద ఇంకో గీత: "కిరాణా కొట్టు. చిల్లర ఎక్కువ ఇచ్చాడు. తిరిగి ఇవ్వాలి."

కొడుకు, నేను కలిసి వెళ్లాం. కొట్టాయన డైరీ చూసి, "నాకు గుర్తే లేదు బాబూ" అన్నాడు. డబ్బు తీసుకోనన్నాడు. కొడుకు బల్ల మీద పెట్టి, జేబులోంచి పెన్ను తీసి ఆ గీత కొట్టేశాడు.

ఇంటికొచ్చి అమ్మమ్మకు చెప్పాను. వింటూ వత్తులు చేసుకుంటోంది. చాలాసేపు మాట్లాడలేదు.

"ఎంత చిల్లర్రా అది?" అంది చివరికి.

"నలభై రూపాయలు" అన్నాను.