ముందు మేజోళ్ళు విప్పండి

(నవంబరు 14, ప్రపంచ మధుమేహ దినం నాడు రాజమహేంద్రవరంలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో ఒక రిటైర్డ్ హెడ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికీ, వేదిక మీదున్న పెద్దలకీ, కార్తీకమాసం ఉపవాసాలుండి కూడా ఓపిక చేసుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళకీ, అన్నదమ్ములకీ నమస్కారమండీ. శాలువా కప్పారు, సంతోషం. ఇదివరకటి శాలువాలు బీరువాలో మడతలు విప్పకుండా ఉన్నాయి. ఈసారి నాలాంటిదాన్ని పిలిస్తే శాలువా బదులు ఒక చేతి అద్దం ఇవ్వండి. ఎందుకో తరవాత చెబుతాను.

ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళలో ఒకరైన బాంటింగ్ గారు 1891లో ఇదే రోజున పుట్టారు. అందుకే ఈ దినం. పిల్లల పండగ కూడా ఇవాళే. కార్యదర్శి మాస్టారు నాకిచ్చిన విషయం ‘మధుమేహం, ఆహార నియమాలు’. రాసుకొచ్చాను కూడా. కానీ లోపలికొస్తూ గుమ్మం దగ్గర మీ చెప్పులు చూశాను. చూశాక ఆ కాగితం మడిచి సంచీలో పెట్టేశాను. కొర్రలు తినాలా, రాగిజావ తాగాలా అన్నది మీకు వాట్సాపులో రోజూ వస్తూనే ఉంది. మాస్టారు నన్ను క్షమించాలి.

అక్కడ ఒక హవాయి చెప్పు మడమ దగ్గర అరిగి కన్నం పడింది. ఇంకో జతలో కుడి చెప్పుకి మేకు తల పైకి పొడుచుకొచ్చి మెరుస్తోంది. ఆ జత ఎవరిదో నాకు తెలియదు. కానీ వేసుకొచ్చినాయనకి అది గుచ్చుకుంటున్నట్టు తెలియలేదు చూశారా, ఇవాళ్టి నా మాటలన్నీ ఆయన కోసం.

షుగరు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. ఆ నరాలకి రక్తం అందించే సన్నటి నాళాలు కూడా పాడవుతాయి. ఒంట్లో అన్నిటికన్నా పొడుగు నరాలు వెన్ను నుంచి కాలివేళ్ళ దాకా పోయేవి. అందుకే దెబ్బ ముందు వేళ్ళ కొసల్లో కనిపిస్తుంది, రెండు కాళ్ళకీ ఒకేలా, మేజోడు తొడిగిన మేర పైకి పాకుతుంది. కొందరికి తిమ్మిర్లు, సూదిపోట్లు, అరికాళ్ళ మంటలు. రాత్రి పడుకుంటే దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. ఇంకొందరికి ఏమీ ఉండదు. దాదాపు సగం మందికి ఏ బాధా తెలియకుండానే నరాలు మొద్దుబారిపోతాయి. దారిలో చెప్పు ఊడిపోతుంది, ఆయన మాత్రం నడుచుకుంటూ పోతూనే ఉంటాడు. వెనకాల వచ్చే కుర్రాడు “తాతగారూ, చెప్పండీ” అంటే, “ఏం చెప్పమంటావురా?” అని వెనక్కి తిరుగుతాడు. నవ్వుతున్నారు గానీ, మీలో ఇది జరిగినవాళ్ళున్నారు. నాకు కనిపిస్తూనే ఉంది ఎవరు నవ్వలేదో.

నాకూ ఉందండీ ఈ జబ్బు. రెండో రకం షుగరే, అందరికీ వచ్చేదే. మంటలు వచ్చే రకం నాది. కాబట్టి మంటల సంగతి ముందు చెప్పేసి అసలు విషయానికొస్తాను. రాత్రిళ్ళు దుప్పటి పాదాలకి తగలకుండా మంచం చివర, దుప్పటి కింద చిన్న ప్లాస్టిక్ స్టూలు పెట్టుకుంటాను. గుడారంలా లేచి ఉంటుంది, మా మనవడికి అదొక ఆట. పూర్వం వార్డులో దీనికి ఇనప చట్రాలుండేవి. ఇక మందులు. అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్, ప్రెగాబలిన్, గాబాపెంటిన్, ఇలా నాలుగైదున్నాయి. ఇంగ్లండులో 2022లో మొదటి మూడింటినీ పోల్చి చూస్తే, దేంతో మొదలుపెట్టినా ఫలితం ఇంచుమించు ఒకటేనని తేలింది. మరి దేన్ని ఎంచుకోవాలంటే మీ మిగతా ఒంటిని బట్టి. ప్రోస్టేటు వాచి మూత్రం సరిగా రానివాళ్ళకీ, కొన్ని గుండె జబ్బులున్నవాళ్ళకీ అమిట్రిప్టిలిన్ పనికిరాదు. ప్రెగాబలిన్‌కి మత్తు, కళ్ళు తిరగడం, కాళ్ళ వాపు వస్తాయి. అర్ధరాత్రి బాత్రూముకి లేచినప్పుడు లైటు వేసుకుని, గోడ పట్టుకుని నడవండి. దేన్నైనా తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. మూడు రోజులు మింగి “ఈ డాక్టరు హస్తవాసి మంచిది కాదు” అనుకుని ఇంకో వీధికి పోకండి. మానేసేటప్పుడు కూడా ఒక్కసారిగా మానకూడదు. మంట పూర్తిగా పోతుందని నేను మాటివ్వను. సగానికి తగ్గి, కంటి నిండా నిద్ర పడితే అది గెలుపే.

మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి బీ12 తగ్గొచ్చు, దానివల్లా తిమ్మిర్లొస్తాయి. రక్తపరీక్ష చేయించుకుని, తక్కువుంటే వేయించుకోండి, మంచిదే. పరీక్షా పాడూ లేకుండా నెలనెలా ఆ బీ12 ఎర్రసూది పొడిపించుకుని “నరాలకి బలం” అనుకునే అలవాటు మాత్రం మా గోదావరి జిల్లాల్లో జాస్తి. ఇంకో మాట. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగరు ఒక్కసారి బాగా దిగితే కొందరికి మంటలు పెరుగుతాయి. కంగారుపడి మందులు మానేస్తారు. మానకండి, డాక్టరుకి చెప్పండి. షుగరు అదుపులో ఉంటేనే మిగిలిన నరాలైనా దక్కేది.

మంటలు వాటంతట అవే తగ్గిపోయాయని సంబరపడేవాళ్ళుంటారు. షుగరు మూడొందల దగ్గరే ఉంది, మంట మాత్రం మాయమైంది. అప్పుడు నాకు భయమేస్తుంది. నరం బాగుపడి ఊరుకోలేదేమో, చచ్చిపోయి ఊరుకుందేమో. మంట ఉన్నవాళ్ళు మా దగ్గరికి ముందే వస్తారు. కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళలో చాలామంది “నొప్పే లేదమ్మా” అంటూ వచ్చినవాళ్ళే.

నేను సర్జికల్ వార్డులో ఉండగా కోనసీమ నుంచి ఒకావిడ వచ్చింది. జ్వరం, చలి, షుగరు విపరీతంగా ఉంది. ఎక్కడ చీము పట్టిందో తెలియడం లేదు. నేను సెలైను పెడుతున్నాను, వాసన తగిలింది. నర్సులకి కళ్ళకన్నా ముక్కు ముందు చెబుతుందండీ. “కాలు చూపించమ్మా” అన్నాను. “కాలికేం లేదమ్మగోరూ, నొప్పే లేదు” అంది, చీర కిందకి లాక్కుంది. పాదాలకి ఒత్తుగా పసుపు. దూది తడిపి పసుపు తుడుస్తుంటే ఎడం కాలి రెండో వేలు బయటపడింది. వేలు నల్లగా వాచిపోయింది. మూడు చుట్ల వెండి మెట్టె, పై చుట్టు ఒక్కటే కనిపిస్తోంది. కింద రెండూ కండలోకి దిగిపోయాయి. నొక్కితే పక్కనుంచి చీము వచ్చింది. నేను నొక్కుతున్నానని ఆవిడకి తెలియదు. నా మొహం చూస్తూ “ఏటమ్మా?” అంటోంది.

మెట్టె కోసెయ్యాలన్నాం. ఆవిడ ఒప్పుకోదు. “ఆయనుండగా తియ్యకూడదమ్మా.” ఇక్కడున్న ఆడవాళ్ళకి ఆ మాట బరువు తెలుసు. నేను ఐదోతనం గురించి వాదన పెట్టుకోలేదు. వరండాలో బల్ల మీద కూచున్న భర్తని పిలుచుకొచ్చాను. ఆయన వచ్చి చూసి తల తిప్పుకున్నాడు. “ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది?” అని అడిగాను. “నాకేం తెలుసమ్మా, ఆడోళ్ళ కాళ్ళు మేం చూస్తామా” అన్నాడు.

అప్పుడు నేను ఆయన కాళ్ళు చూశాను. ఆయనకీ షుగరే, ఆవిడకన్నా ముందు నుంచి. గోళ్ళు తిన్నగా కత్తిరించి ఉన్నాయి, మడమలకి ఒక్క పగులు లేదు. రోజూ రాత్రి కొబ్బరినూనె రాసి చూసేది ఎవరనుకున్నారు? మంచం మీదున్న ఆవిడే.

చివరికి ఆయనే “తియ్యించుకోవే” అంటే ఒప్పుకుంది. రింగు కట్టరుతో మూడు చుట్లూ కోశాం. వేలు దక్కలేదు, పాదం దక్కింది. డిశ్చార్జి నాడు మెట్టె ముక్కలు అడిగి తీసుకుని కొంగున ముడేసుకుంది. ఆ కొంగు ముడి వేస్తున్న చేతుల్ని నేను...

సరే. అధ్యక్షులవారు చీటీ పంపారు, పది నిమిషాలే ఉందిట. అయ్యా, ఆ పది నిమిషాలూ నేను మాట్లాడను, వీళ్ళచేత పని చేయిస్తాను. అందరూ మేజోళ్ళు, ఉంటే, విప్పండి. అవునండీ, ఇక్కడే, ఇప్పుడే. పక్కవాళ్ళతో జతలుగా కూచోండి. భార్యాభర్తలు వచ్చినవాళ్ళు జతగా ఉండండి, ముందు భర్త కింద కూచుని భార్య పాదాలు చూడాలి. మొహమాటం లేదు, పాపం అంతకన్నా లేదు. మాస్టారూ, మిమ్మల్నే! మీరు నలభై మంది పిల్లల్ని బెంచీ ఎక్కించినవారు, మోకాళ్ళు బానే ఉన్నాయి, కూచోండి.

కాళ్ళు చూపించేవాళ్ళు కళ్ళు మూసుకోవాలి. చూసేవాళ్ళు చూపుడు వేలి కొసతో, ఈక తగిలినంత తేలిగ్గా, ఒకటి రెండు సెకన్లు ముట్టుకోవాలి. గుచ్చకూడదు, తట్టకూడదు, నొక్కకూడదు. కుడి బొటనవేలు, కుడి చిటికెన వేలు. తరవాత ఎడం బొటనవేలు, ఎడం చిటికెన వేలు. ఆఖరుకి కుడి నడిమి వేలు, ఎడం నడిమి వేలు. తగిలినప్పుడల్లా కుడో ఎడమో చెప్పాలి. చెప్పలేకపోతే రెండోసారి ప్రయత్నం లేదు. ఆరింట్లో రెండో అంతకన్నా ఎక్కువో తెలియలేదంటే, స్పర్శ తగ్గిందన్నమాట. ఇంగ్లండులో ఇప్స్విచ్ అనే ఊరి ఆస్పత్రివాళ్ళు కనిపెట్టారు దీన్ని. మిషనక్కర్లేదు, పైసా అక్కర్లేదు. వెనక వరసలో అమ్మగారు తన రెండు వేళ్ళు తెలియలేదంటున్నారు, ఆయన “ముట్టుకున్నానే” అని పోట్లాడుతున్నారు. పోట్లాడకండి బాబుగారూ, ఆవిడ చెప్పిందే లెక్క.

ఇది డాక్టర్లు చెయ్యాల్సిన పని కదా అంటారు. చెయ్యాలి. నాకు షుగరు వచ్చాక నేను చూపించుకున్న ఒక పెద్ద ఆస్పత్రిలో, పేరెందుకులెండి, ప్రతిసారీ రక్తం తీశారు, బరువు చూశారు, ఫీజు తీసుకున్నారు. మేజోడు విప్పమని ఒక్కరూ అనలేదు. ఒకరోజు నేనే విప్పి పాదం స్టూలు మీద పెట్టి “సార్, ఇది కూడా నాదే” అన్నాను. పాపం ఆయన చిన్నవాడు, బయట డెబ్బై మంది జనం. నవ్వి, సొరుగు వెతికి మోనోఫిలమెంటు, అదే, పాదానికి స్పర్శ ఉందో లేదో చూసే నైలాను పోగు, తీశాడు. అంటే సొరుగులో ఉంది! మీరూ అలాగే అడగండి. ఏడాదికి ఒక్కసారైనా పాదం చూపించుకోకుండా గది బయటికి రాకండి. మన దేశంలో పది కోట్ల మందికి షుగరని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం చెప్పింది. ఇరవై కోట్ల పాదాలన్నమాట.

పాల్ బ్రాండ్ అని ఒక సర్జను, మన పక్క తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టిన తెల్లాయన. 1946 నుంచి వెల్లూరులో కుష్ఠురోగులకి వైద్యం చేశారు. వేళ్ళు కుష్ఠు తినేస్తోందని అందరూ అనుకునే రోజుల్లో, స్పర్శ లేక దెబ్బలు తగిలి, ఆ దెబ్బలమీదే నడిచి పోగొట్టుకుంటున్నారని ఆయన చూపించారు. తరవాత అమెరికా వెళ్ళి షుగరు రోగుల పాదాలకీ అదే పాఠం వాడారు. ఇవాళ మీకు రాసే ఎమ్‌సీఆర్ చెప్పులు, అదే, మెత్తటి రబ్బరు అట్టవి, ఆ కుష్ఠు వైద్యం దారిలో వచ్చినవే. “అవి కుష్ఠువాళ్ళ చెప్పులు, మాకొద్దు” అని విసిరేసినవాళ్ళని నేను చూశాను. విసిరేసినవాళ్ళకి తరవాత నేనే కట్లు కట్టాను.

ఇంట్లో చెయ్యాల్సింది గబగబా చెబుతాను. రాత్రి పడుకోబోయే ముందు అద్దం నేలమీద పెట్టి అరికాలు అందులో చూసుకోండి. అందుకే అడిగాను అద్దం. చూపు ఆననివాళ్ళు మనవల్ని చూడమనండి. మడమలకి నూనె రాయండి, వేళ్ళ సందుల్లో వద్దు, అక్కడ తడి నిలిస్తే పాచిపోతుంది. వేన్నీళ్ళలో కాళ్ళు నానబెట్టకండి, ఇసుక కాపడం అసలొద్దు. బొబ్బలెక్కినా మీకు తెలియదు. ఆనెకాయని బ్లేడుతో చెక్కకండి, దానికతికించే మందు ప్లాస్టరు జోలికీ పోకండి. చెప్పులు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం వాచి ఉంటుంది. నేలమీద పడుకునేవాళ్ళు ఎలకలున్న ఇంట్లో జాగ్రత్త. రాత్రి ఎలక వేలు కొరికితే తెల్లారి పక్కమీద రక్తం చూసి తెలుసుకున్నవాళ్ళు మా వార్డుకొచ్చారు. ఒక పాదం మాత్రం ఎర్రగా, వేడిగా వాచి, నొప్పి పెద్దగా లేకపోతే బెణుకనుకుని ఆముదం రాసి తిరగకండి. లోపల ఎముకలు విరుగుతుండొచ్చు. ఆ పాదం మీద ఇంకొక్క అడుగు వెయ్యకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

మాలలు వేసుకున్న స్వాములు ఇద్దరున్నారు ముందు వరసలో. స్వామీ, మీ దీక్ష మీద నాకు గౌరవముంది. మీ వేళ్ళకి స్పర్శ తెలియకపోతే ఉత్తకాళ్ళ నడక మీకు కాదు. గురుస్వామిని అడగండి, కాదంటే నా దగ్గరికి పంపండి, ఆయనతో నేను మాట్లాడతాను. పుష్కరఘాటు మెట్ల మీద నాచు, గాజుముక్కలు నేను చెప్పక్కర్లేదు.

నడక మానమనడం లేదు. పుండు లేనివాళ్ళు మంచి చెప్పులేసుకుని రోజూ నడవండి, నిలకడ కూడా మెరుగవుతుంది. పుండున్నవాళ్ళు మాత్రం ఆ కాలు నేలకానించకండి.

చీటీ మళ్ళీ వచ్చింది, భోజనాలు చల్లారుతున్నాయిట. రెండు వేళ్ళు తెలియనివాళ్ళు పేర్లు ఈ కుర్రాడికి రాయించండి. నా దగ్గర ఆ నైలాను ఫిలమెంటుంది, అదురు తెలుస్తోందో లేదో చూసే ట్యూనింగ్ ఫోర్కుంది, భోజనాలయ్యాక ఆ మూల గదిలో ఉంటాను. ఆడవాళ్ళు ముందు రండి. మేకున్న చెప్పులాయన మాత్రం భోజనం దాకా ఆగొద్దు, ఇప్పుడే రండి, వీధి చివర చెప్పులు కుట్టే అతను ఒంటిగంటకి కట్టేస్తాడు.