ఇంకింగ్‌లో బొమ్మ ఎందుకు చచ్చిపోతోంది? స్టెబిలైజర్ ముట్టుకునే ముందు ఇది చూడండి

నమస్కారం అండీ. కామిక్స్ గీసే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, స్కెచ్ బాగా వస్తోంది. దాని మీద ఇంక్ వేయగానే బొమ్మ చచ్చిపోతోంది. గీత వణుకుతోంది. స్టెబిలైజర్ ఎంతలో పెట్టుకోవాలి?" ఇవాళ దీని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఈ స్టెబిలైజర్ చేసే పనేమిటో చూద్దాం. మీ చెయ్యి కదిలిన దారిని అది సగటు కట్టి, కాస్త వెనకాలే వస్తూ నున్నగా గీస్తుంది. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్లిప్ స్టూడియో పెయింట్‌లో ఇది 0 నుంచి 100 దాకా ఉంటుంది. అలాంటిదే ఇంకో యాప్ ప్రోక్రియేట్‌లో దీన్ని స్ట్రీమ్‌లైన్ అంటారు. క్రిత అనే మరో సాఫ్ట్‌వేర్‌లో బేసిక్, వెయిటెడ్, స్టెబిలైజర్ అని రకాలున్నాయి. వణుకు తగ్గిస్తుంది, నిజమే. కానీ మీ వణుకేదో, మీరు కావాలని తిప్పిన మలుపేదో దానికి తెలీదు. రెండిటినీ కలిపి అరగదీస్తుంది. స్క్రీన్ మీద చూడండి, ఇదే దవడ గీత 15లో గీశాను, ఇది 70లో. చెవి కింద ఎముక తిరిగే చోటు రెండో దాంట్లో కనబడుతోందా? లేదు. మనిషి ముఖంలోంచి ఎముక తీసేసినట్టుంది. నా మటుకు నాకు క్లిప్ స్టూడియోలో 10, 20 మధ్య చాలు. 60, 70 లేనిదే గీత రావట్లేదంటే తేడా ఇంకెక్కడో ఉంది.

చాలామందిలో ఆ తేడా జూమ్ దగ్గరుంటుంది. పేజీని 400 శాతానికి పెంచేసి, భుజం నుంచి మణికట్టు దాకా వెళ్ళాల్సిన ఒకే ఒక్క గీతని చిన్న చిన్న ముక్కలుగా అతికిస్తారు. అంత దగ్గర్నుంచి ప్రతి ముక్కా బాగానే ఉంటుంది. వెనక్కొచ్చి చూస్తే ప్రతి అతుకు దగ్గరా ఒక బుడిపె. ఆ చెయ్యి పొడుగు గీత మీ మోచేతి ఊపులో ఒక్కసారిగా పట్టేంత జూమ్ పెట్టుకోండి. కళ్ళు, వేళ్ళు గీసేటప్పుడు దగ్గరకెళ్ళండి, ఫర్వాలేదు, మళ్ళీ వెనక్కి రండి. క్లిప్ స్టూడియోలో, క్రితలో అదే పేజీని రెండో కిటికీలో తెరుచుకోవచ్చు. అది చిన్నగా పక్కన పెట్టుకుంటే, గీస్తున్నంత సేపూ బొమ్మ మొత్తం కళ్ళ ముందే ఉంటుంది. ఇంకోటి, మీ చెయ్యి ఏదో ఒక దిక్కుకే హాయిగా లాగుతుంది. ఆ దిక్కుకి కాన్వాస్‌ని తిప్పుకోండి. చెయ్యి మెలితిప్పుకుని గీయకండి.

ఇక అసలు విషయం. చిన్నప్పుడు పలక మీద అఆలు దిద్దాం కదా, దిద్దేటప్పుడు కళ్ళు కింద ఉన్న గీతని వదలవు. చెయ్యి భయంగా, నెమ్మదిగా పోతుంది. రాయడం వచ్చాక మనం దిద్దం, రాస్తాం. ఇంకింగ్‌లో చాలామంది ఇంకా స్కెచ్‌ని దిద్దుతూనే ఉన్నారు. వణుకు పుట్టేది అక్కడే. స్టైలస్ మొన వైపు కాకుండా గీత ఎక్కడ ముగియాలో అక్కడ చూడండి. గాల్లో ఒకసారి చెయ్యి ఆడించి, దించి, లాగేయండి. కుదరకపోతే అండూ కొట్టి మళ్ళీ మొత్తం లాగండి. సగంలోంచి అతకొద్దు. స్కెచ్ ఉన్న లేయర్‌ని, అంటే ఆ పొరని, లేత నీలం చేసి, కనీకనబడనట్టు తగ్గించండి. అదీ గాక, స్కెచ్‌లో ముక్కుకి నాలుగు గీతలుంటే వాటిలో ఏది ఉండాలో ఇంక్ వేయకముందే తేల్చుకోండి. తేల్చుకోని చేతికి ధైర్యం రాదు.

పెన్ ప్రెషర్ సంగతి తొందరగా చెప్పేస్తాను. పెన్ టాబ్లెట్ డబ్బా మీద 8192 లెవెల్స్ అని రాసి ఉంటుంది, దాని గురించి ఆలోచించకండి. ఎంత నొక్కితే ఎంత లావు గీత రావాలో చెప్పే సెట్టింగే ప్రెషర్ కర్వ్. మీ చేతి బరువుకి అది సరిపోయిందా లేదా అన్నదే ముఖ్యం. లావు గీత రావాలంటే గోరు తెల్లబడేదాకా నొక్కాల్సి వస్తోందా? కర్వ్ మార్చుకోండి. విండోస్‌లో క్లిప్ స్టూడియో వాడుతుంటే ఫైల్ మెనూలోనే ఉంటుంది. బ్రష్‌ల వేటలో కూడా పడకండి. జపాన్‌లో మాంగా గీసేవాళ్ళు కాగితం మీద వాడే పాళీ పేరే జీ పెన్. అదే పేరుతో క్లిప్ స్టూడియోలో ఉన్న బ్రష్ ఒక్కటి చాలు, పేజీ మొత్తానికి ఒకటి రెండు సైజులకి మించి మార్చకుండా.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికొద్దాం. గీత లావు, సన్నం. ఈ అమ్మాయి బొమ్మ చూడండి, పైట భుజం మీంచి వెనక్కి జారుతోంది. బట్ట నొక్కుకునేది భుజం దగ్గర, మడతలన్నీ అక్కడే పుడుతున్నాయి. పుట్టిన చోట లావుగా మొదలుపెట్టండి. మడత విచ్చుకునే కొద్దీ సన్నం చేస్తూ వచ్చి, అంచు చేరకముందే వదిలేయండి. ప్రతి మడతనీ అంచు దాకా లాక్కెళ్తే బట్ట కాస్తా రేకైపోతుంది. ఒక మడత కింద ఇంకో మడత దూరే చోట చిన్న నలుపు ముక్క పెట్టండి, అంతే, లోతు వచ్చేస్తుంది. కుచ్చిళ్ళలో అయిదు మడతలుంటే రెంటిని పూర్తిగా గీసి, మిగతావి పైన కాస్త, కింద కాస్త సూచించి వదిలేయండి. బయటి గీత, ముఖ్యంగా వెలుగు పడని వైపు, లావుగా. జాకెట్టు కుట్టు లాంటి లోపలివి సన్నంగా. గడ్డం కింద కాస్త బరువుగా.

ఇది మనకి కొత్త విద్యేం కాదు. బాపు గారి బొమ్మ ఏదైనా ముందు పెట్టుకుని, గీత ఎక్కడ ఆపేశారో వెతకండి. ఆపేసిన చోట మన కన్నే మిగతాది గీసుకుంటుంది. దానికి పూర్తిగా రెండో వైపు శంకర్ గారు. చందమామలో ఆ విక్రమార్కుడు, చేతిలో కత్తి, భుజాన శవం. అక్కడ గీతలు బోలెడు, అయినా గజిబిజి ఉండదు. ఎందుకంటే ప్రతి గీతా కండ ఎటు తిరిగితే అటే తిరుగుతుంది. ఈ ఇద్దరి బొమ్మల్లోంచి అరచేయంత ముక్క తీసుకుని, లావు సన్నాలతో సహా చూసి గీయండి. ఏ బ్రష్ ప్యాకూ ఇది నేర్పదు.

వెక్టర్ లేయర్ గురించి కూడా అడుగుతున్నారు. గీసిన గీతని తర్వాత బిందువులు పట్టుకుని సర్దుకోగలిగే పొర అది. జుట్టు పాయలు ఒకదాన్నొకటి దాటే చోట వరం. క్లిప్ స్టూడియోలో వెక్టర్ ఎరేజర్‌ని, గీతలు కలిసే చోటు దాకా చెరిపేలా పెట్టుకుంటే, బయటికొచ్చిన కొసలు ఒక్క తాకుతో పోతాయి. కానీ బిందువులు పట్టుకుని గీతని సర్దుతూ కూర్చోవద్దు. మళ్ళీ లాగడమే త్వరగా అవుతుంది, పైగా చెయ్యి కూడా నేర్చుకుంటుంది.

నలుపు తెలుపు అచ్చుకైతే 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, పెట్టుకోండి. ఫోన్లో చదివే వెబ్‌టూన్ అయితే పేజీ చివరికి తరచుగా 800 పిక్సెళ్ళ వెడల్పుకి కుదించుకుపోతుంది, మీరు ముచ్చటపడి గీసిన వెంట్రుకవాసి గీతలన్నీ అందులో బూడిద రంగు మసకైపోతాయి. ప్యానెల్, అంటే పేజీలో ఒక్కో గడి, పూర్తికాకముందే ఒకసారి ఫోన్లో తెరిచి చూసుకోండి.

చివరగా, తెలుగులో గీసేవాళ్ళకి. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. వరసకీ వరసకీ మధ్య జాగా ఇంగ్లీషు కంటే ఎక్కువ కావాలి, అందుకని మాటలు రాసే బెలూన్ నిలువుగా పెరుగుతుంది. ఇంకింగ్ అంతా అయ్యాక మాటలు పెడితే ఆ బెలూన్ వెళ్ళి ఎవరి తల మీదో కూర్చుంటుంది. స్కెచ్ దశలోనే మాటలు టైప్ చేసి, బెలూన్ జాగా ఖాయం చేసుకుని, ఆ తర్వాత ఇంక్ ముట్టుకోండి. బెలూన్ అంచు గీత కూడా అక్షరం లావుకి దగ్గరగా ఉండాలి. మరీ సన్నగా ఉంటే మాట బొమ్మలో కలవదు, పైన అంటించినట్టు ఉంటుంది.

వచ్చే వీడియోలో నలుపు ఎక్కడ నింపాలో చూద్దాం. ఈలోగా మీ పాత పేజీ ఒకటి తీసి, స్టెబిలైజర్ తగ్గించి, ఒక్క ప్యానెల్ మళ్ళీ ఇంక్ చేయండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి నాకు పంపండి, తప్పకుండా చూస్తాను. ఉంటానండీ.