ఫర్మ్‌వేర్ అప్పగించిన తెర: లినక్స్‌లో ఒక చిన్న డ్రైవర్ కథ

అందరికీ నమస్కారం.

విండోస్ కొత్తగా వేసుకున్న రోజున డివైస్ మేనేజర్ తెరిస్తే, గ్రాఫిక్స్ కార్డు పేరుండాల్సిన చోట 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని కనబడుతుంది. మీలో చాలామంది చూసే ఉంటారు. రిజల్యూషన్ మార్చనివ్వదు, వీడియో పెడితే ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. అసలు డ్రైవర్ పడగానే అది పోతుంది, మనమూ మర్చిపోతాం. నేనివాళ దాని తరఫున వకాల్తా పుచ్చుకుని వచ్చాను. అయితే విండోస్‌లో ఉన్నదాని గురించి కాదు, లినక్స్‌లో అదే పని చేసే సింపుల్‌డీఆర్‌ఎం అనే డ్రైవర్ గురించి మాట్లాడతాను. అక్కడైతే కోడ్ తెరిచి చూసుకోవచ్చు.

ముందు, పవర్ బటన్ నొక్కాక ఏం జరుగుతుందో చూద్దాం. ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా రాకముందే తెర మీద కంపెనీ లోగో వస్తుంది. అది మదర్‌బోర్డులోనే ఉండే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాము పని. ఇప్పటి మెషిన్లలో యూఈఎఫ్‌ఐ అనే ఫర్మ్‌వేర్, గ్రాఫిక్స్ అవుట్‌పుట్ ప్రోటోకాల్ ద్వారా తెరను ఒక మోడ్‌లో, అంటే ఒక రిజల్యూషన్‌లో పెడుతుంది. పాత బయోస్ రోజుల్లో ఇదే పని వీసా (VESA) అనే డిస్‌ప్లే ప్రమాణం పద్ధతిలో జరిగేది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ పగ్గాలు తీసుకున్నాక ఆ ప్రోటోకాల్‌ను పిలవడం కుదరదు. మోడ్ మార్చమని అడగడానికి అవతల ఎవరూ ఉండరు. మిగిలేది నాలుగైదు అంకెలు: ఫ్రేమ్‌బఫర్ (తెర మీది బొమ్మ ఉండే చోటు) మెమరీలో ఎక్కడ మొదలవుతుంది, వెడల్పెంత, ఎత్తెంత, ఒక్కో వరుసకు ఎన్ని బైట్లు, రంగుల బిట్లు ఏ క్రమంలో ఉన్నాయి. ఆ చిరునామాలో ఏం రాస్తే అది తెర మీద కనబడుతుంది. 1920×1080 తెరకు పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 82,94,400 బైట్లు. చూడ్డానికి ఇంతే.

ఈ అంకెల్లో వరుసకు ఎన్ని బైట్లన్నదే జనాన్ని బోల్తా కొట్టిస్తుంది. 1366×768 లాప్‌టాప్‌లు మన దగ్గర ఇప్పటికీ బోలెడు. 1366ను 4తో గుణిస్తే 5464. కానీ హార్డ్‌వేర్‌కు కొన్ని సంఖ్యలతో శేషం లేకుండా తెగే లెక్కలే ఇష్టం కాబట్టి, ఫర్మ్‌వేర్ వరుసను 1376 పిక్సెళ్ళకు పెంచి 5504 బైట్లు చేసిందనుకోండి. మీ కోడ్ 5464 అనుకుని రాసుకుంటూ పోతే, ఒక్కో వరుస దిగేకొద్దీ బొమ్మ 10 పిక్సెళ్ళు ఎడమకు జరుగుతుంది. 137 వరుసలు దాటేసరికి ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటికొస్తుంది. తెరంతా ఏటవాలు చారలు. గ్రాఫిక్స్ కార్డు పోయిందని సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తాల్సిన పని లేదు, అది గుణకారంలో తప్పు.

రంగులదీ అదే తీరు. ఎరుపు, నీలం తారుమారు కావడం పాత ముచ్చటే. యాపిల్ ఎం1 మెషిన్ల మీద లినక్స్ నడపడానికి అసాహి ప్రాజెక్టు వాళ్ళు పూనుకున్నప్పుడు అక్కడి ఫర్మ్‌వేర్ వదిలిన తెరలో ఒక్కో రంగుకు 8 బిట్లు కాదు, 10 బిట్లు ఉన్నాయి. ఆ అమరికకు డ్రైవర్‌లో విడిగా చోటు కల్పించాల్సి వచ్చింది. ఆ మెషిన్లకు సొంత డిస్‌ప్లే డ్రైవర్ తయారయ్యేదాకా డెస్క్‌టాప్ నడిచింది ఈ చిన్న డ్రైవర్ మీదే.

లినక్స్‌లో ఈ పనికి మొదట్లో ఎఫ్‌బీడెవ్ అనే పాత ఇంటర్‌ఫేస్ డ్రైవర్ల కుటుంబం ఉండేది: వీసాఎఫ్‌బీ, ఈఎఫ్‌ఐఎఫ్‌బీ, సింపుల్‌ఎఫ్‌బీ. అవి మెమరీని తీసి నేరుగా ప్రోగ్రాముల చేతిలో పెట్టేవి. టెక్స్ట్ కన్సోల్‌కు అది చాలు. వేలాండ్ అనే కొత్త డిస్‌ప్లే పద్ధతి వాడే డెస్క్‌టాప్‌లు వచ్చాక చిక్కొచ్చింది. అవి డీఆర్‌ఎం అనే కొత్త ఇంటర్‌ఫేస్‌తోనే మాట్లాడతాయి. దాంతో అసలు డ్రైవర్ లేని మెషిన్‌లో అక్షరాలు కనబడేవి గానీ డెస్క్‌టాప్ వచ్చేది కాదు. ఆ లోటు తీర్చింది సింపుల్‌డీఆర్‌ఎం. సూసే అనే లినక్స్ కంపెనీలో పనిచేసే థామస్ జిమ్మర్‌మాన్ రాసిన ఈ డ్రైవర్ 2021లో లినక్స్ 5.14లో చేరింది. మరుసటి ఏడాది ఫెడోరా 36 అనే డిస్ట్రో (వాడకానికి సిద్ధంగా కూర్చిన లినక్స్) పాత ఎఫ్‌బీడెవ్ డ్రైవర్లను పక్కనపెట్టి దీన్నే పెట్టుకుంది.

ఇది చేసే పని తక్కువ. ఒకే మోడ్ చూపిస్తుంది. ఫ్రేము ఎప్పుడు మారిందో చెప్పలేదు, రెండో మానిటర్‌ను వెలిగించలేదు. త్రీడీ అంతా సీపీయూ మీదే, అంటే మెసా అనే గ్రాఫిక్స్ లైబ్రరీలోని ఎల్ఎల్‌వీఎం‌పైప్ మీద నడవాలి. రెగ్యులర్ అధికారి వచ్చేదాకా కుర్చీలో ఉండే ఇన్‌చార్జి లాంటిది అనుకోండి. రోజువారీ ఫైళ్ళు ఆగకూడదు, కొత్త నిర్ణయాలు తీసుకునే అధికారం లేదు, ఆయన రాగానే కుర్చీ ఖాళీ చేయాలి. నా ఉద్దేశంలో ఈ డ్రైవర్‌లో కష్టమంతా ఆ ఖాళీ చేయడంలోనే ఉంది. బొమ్మ చూపించడం దాని పక్కన చిన్న పని.

పాత పద్ధతిలో ఒక ప్రోగ్రాము ఫ్రేమ్‌బఫర్‌ను నేరుగా పట్టుకుని కూర్చునేది. ఇంతలో అసలు డ్రైవర్ వచ్చి ఆ మెమరీని వేరే పనికి వాడుకోవడం మొదలుపెడితే? ఆ ప్రోగ్రాము ఇంకా అక్కడే రాస్తూ ఉంటుంది. ఇక తర్వాత ఏమవుతుందో మీరే ఊహించుకోండి. సింపుల్‌డీఆర్‌ఎం ఆ అవకాశమే ఇవ్వదు. డెస్క్‌టాప్‌కు మామూలు ర్యామ్‌లో ఒక నకలు ఇచ్చి అక్కడ గీసుకోమంటుంది. మారిన ముక్కను మాత్రం తనే అసలు తెర మీదికి కాపీ చేస్తుంది. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. డిస్‌ప్లే మెమరీలోకి రాయడం ఫరవాలేదు గానీ, అక్కడి నుంచి తిరిగి చదవడం సీపీయూకు నరకం. కిటికీల నీడలు, పారదర్శకత లాంటివన్నీ చదివి కలపాల్సిన పనులే, అవి ర్యామ్‌లోనే అయిపోతాయి.

ఇప్పుడు అప్పగింత చూద్దాం. ఇంటెల్ డ్రైవరో ఏఎండీ డ్రైవరో లోడ్ అవుతూ, ఈ చిరునామాల పరిధి నాది అని కెర్నల్‌కు చెబుతుంది. ఆ పరిధి మీద ఎవరు పేరు నమోదు చేసుకున్నారో కెర్నల్ చూసి, సింపుల్‌డీఆర్‌ఎం డివైస్‌ను ఊడబెరుకుతుంది, యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ లాగేసినట్టే. డెస్క్‌టాప్ అప్పటికే దాన్ని తెరిచి పెట్టుకున్నా కుప్పకూలదు. ఎందుకంటే డ్రైవర్ రాసే ప్రతిసారీ డివైస్ ఇంకా ఉందా అని చూసుకుంటుంది. లేకపోతే రాయకుండా ఊరుకుంటుంది. ఒక చిన్న ఇబ్బంది మాత్రం మిగిలింది. ముందొచ్చింది ఇది కాబట్టి కార్డ్0 అన్న పేరు ఇదే తీసుకుంటుంది, అసలు డ్రైవర్‌కు కార్డ్1 దక్కుతుంది. స్క్రిప్టుల్లో కార్డ్0 అని చేత్తో రాసిపెట్టుకున్నవాళ్ళు అప్‌డేట్ తర్వాత తల పట్టుకున్నారు. అలా రాయడమే తప్పు, అది వేరే సంగతి.

అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. అసలు డ్రైవర్ వచ్చి పాతదాన్ని గెంటేసింది. ఆ తర్వాత తనకు కావాల్సిన ఫర్మ్‌వేర్ ఫైలు డిస్క్‌లో లేదని తెలిసి చతికిలబడింది. కొత్త కార్డు, పాత డిస్ట్రో ఉన్న చోట ఇది మామూలే. పాతది పోయింది, కొత్తది రాలేదు. నల్లటి తెర, ఎర్రర్ చదువుకునే దారి కూడా లేదు. ఏఎండీ డ్రైవర్ 2023లో ఈ క్రమాన్ని తిప్పింది: ముందు ఫైళ్ళన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే పాత డ్రైవర్‌ను తొలగిస్తుంది. నన్నడిగితే కొత్తగా డ్రైవర్ రాసేవాళ్ళందరూ ఈ వరుసే పాటించాలి.

ఏఆర్‌ఎం ప్రాసెసర్ ఉన్న బోర్డుల్లో తంటా ఇంకో రకం. బూట్ చివర్లో కెర్నల్ కరెంటు ఆదా కోసం ఎవరూ వాడని క్లాకులను (భాగాలను లయలో నడిపించే సంకేతాలను) కట్టేస్తుంది. తెరను నడిపిస్తున్న క్లాకు తనకు అవసరమని ఎవరూ చెప్పకపోతే, అంతా సజావుగా బూట్ అయి, సరిగ్గా ఆఖర్లో తెర ఆరిపోతుంది. అందుకే డివైస్ ట్రీలో (బోర్డులోని భాగాల పట్టికలో) రాసిన క్లాకులనూ, కరెంటు అందించే రెగ్యులేటర్లనూ ఈ డ్రైవర్ పట్టుకుని ఉంచుతుంది. వాటితో అది చేసే పనేమీ లేదు, పట్టుకోవడమే పని.

ఈ డ్రైవర్ కొన్ని అబద్ధాలూ ఆడుతుంది. సెకనుకు ఎన్నిసార్లు తెర మారుతుందో ఫర్మ్‌వేర్ చెప్పదు. గడి ఖాళీగా వదలకూడదు కాబట్టి 60 అని రాస్తుంది. తెర ఎన్ని అంగుళాలో తెలియకపోతే 96 డీపీఐ, అంటే అంగుళానికి 96 చుక్కలు అనుకుంటుంది. అసలు తెర 16 బిట్ల రంగులదైనా, పైవాళ్ళకు 32 బిట్ల ఫార్మాట్ కూడా ఉందని చూపించి, కాపీ చేసేటప్పుడు మార్చేస్తుంది. చాలా ప్రోగ్రాములు ఆ ఫార్మాట్ తప్పకుండా ఉంటుందని ధీమాగా ఉంటాయి మరి. ఈ మూడో అబద్ధాన్ని నేను సమర్థిస్తాను. 96 మాత్రం చిన్న 4కే తెరల మీద అక్షరాలను చీమల బారు చేసేస్తుంది. 2025లో లినక్స్ 6.16లో యూఈఎఫ్‌ఐకి ఒకటి, వీసాకు ఒకటి విడివిడిగా డ్రైవర్లొచ్చాయి. మానిటర్ గురించి ఫర్మ్‌వేర్ సేకరించి ఉంచిన వివరాలేవైనా ఉంటే అవి వాడుకుంటాయి.

ఇక మీకు పనికొచ్చే మాట. అసలు డ్రైవర్ మొరాయిస్తే బూట్ సమయంలో వచ్చే గ్రబ్ మెనూలో లినక్స్ వరుస చివర నోమోడ్‌సెట్ (nomodeset) అని చేర్చండి. అసలు డ్రైవర్లు పక్కకు తప్పుకుంటాయి, ఇది మిగులుతుంది. డెస్క్‌టాప్ వస్తుంది, నిదానంగానే గానీ వస్తుంది. ఫైళ్ళు కాపీ చేసుకోవచ్చు, లాగ్ చదవొచ్చు. కెర్నల్ కుప్పకూలితే సందేశం తెర మీద చూపించే ఏర్పాటు 2024లో 6.10లో వచ్చినప్పుడు, దాన్ని మొదట అందుకున్న డ్రైవర్లలో ఇదీ ఒకటి.

ఈ లాప్‌టాప్‌ను ఇప్పుడు అలాగే బూట్ చేస్తున్నాను. లాగిన్ అయ్యాక కెర్నల్ లాగ్ చూపించే డీమెసేజ్ (dmesg) లో సింపుల్‌డీఆర్‌ఎం అని వెతుకుదాం. ఆ వరుసలో మైనర్ 0 (అంటే కార్డ్0) అని కనబడాలి. తర్వాత నోమోడ్‌సెట్ తీసేసి మళ్ళీ బూట్ చేస్తే, దాని వెనకాలే అసలు డ్రైవర్ మైనర్ 1గా రావడం చూస్తారు. ఈలోపు ఎవరికైనా ప్రశ్నలుంటే అడగండి, సీపీయూ మీద డెస్క్‌టాప్ రావడానికి కాస్త టైం పడుతుంది.